సర్వర్ గది తలుపుకు వేపకొమ్మ

మా కాలేజీలో సర్వర్ గదికున్న ఏసీని ఊడబీకి చైర్మన్ గారి గదికి బిగించారు. ఈ కథంతా ఆ రోజు నుంచే మొదలైంది.

"మిషన్లకు గుడ ఉక్క పోస్తదా?" అని అడిగాడు ఆయన.

"పోస్తది సార్. వేడెక్కితే ఆగిపోతది."

"గోనెసంచి తడిపి కిటికీకి కట్టు. మా రైస్ మిల్లుల గట్లనే జేసేటోళ్ళం."

ఎంసీఏ చదివి, పన్నెండేళ్లు సర్వర్లతో కాపురం చేసినవాణ్ని. కిటికీకి తడి గోనెసంచి కట్టుకుని కూర్చున్నాను. మొదటి రోజు సిగ్గేసింది. రెండో రోజు చల్లగానే అనిపించింది. వారం తిరిగేసరికి సంచి ఎండిపోతే నేనే కేకేసి నీళ్లు తెప్పించుకునే స్థితికి వచ్చాను. మనిషి దేనికైనా అలవాటు పడతాడని మా చైర్మన్ గారికి బాగా తెలుసు. ఆయన బడ్జెట్ అంతా ఆ నమ్మకం మీదే నడుస్తుంది.

మాది సిద్దిపేటలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ. ఏటేటా అడ్మిషన్లు తగ్గుతున్నాయి. పిల్లలు తగ్గితే కంప్యూటర్ల పని కూడా తగ్గాలి కదా అని చైర్మన్ గారి లెక్క. నిజానికి జరుగుతున్నది పూర్తిగా తలకిందులు. హాజరుకు వేలిముద్ర, ఫీజు ఆన్‌లైన్, పరీక్ష ఆన్‌లైన్, ఇన్‌స్పెక్షన్ వాళ్లకు చెప్పులు విడిచే చోటు ఫొటోతో సహా అన్నీ అప్‌లోడ్ చేయాలి. ఈ పనులన్నిటికీ ఒకే ఒక్క సర్వర్, ఒకే ఒక్క ఇంటర్నెట్ లైను. ఆ లైను వేగాన్ని ఆ ఏడాది సగానికి తగ్గించారు. కిరాయికి తెచ్చిన రెండో సర్వర్‌ను వెనక్కి పంపించారు. ఇక రోజూ పొద్దున తొమ్మిదిన్నరకు అందరూ ఒకేసారి మీద పడేవారు, సర్వర్ ఊపిరాడక గుడ్లు తేలేసేది. నా గది ముందు రేషన్ షాపు లైను తయారయ్యేది.

ఉన్నవాటితోనే ఎలా నెట్టుకురావాలో చెప్పడానికి హైదరాబాద్ నుంచి ఒక నిపుణుణ్ని పిలిపించారు. ఆయన ఒక రోజంతా ఉండి, భోజనం బాగుందని మెచ్చుకుని, కొత్త సర్వర్ కొనమని చెప్పి వెళ్లిపోయాడు. ఆయనకిచ్చిన ఫీజు పెడితే పాత సర్వర్‌కే సరిపడా మెమరీ వచ్చేది. ఆ మాట నేను పైకి అనలేదు. పైకి అనని మాటలకు జీతం ఇస్తే నేను ఈపాటికి కాలేజీనే కొనేసేవాణ్ని.

ఆ తర్వాత చైర్మన్ గారు స్టాఫ్ మీటింగు పెట్టి నా వైపు వేలు చూపించాడు.

"జూడు, వచ్చే నెల ఇన్‌స్పెక్షన్ ఉన్నది. ఉన్నదాంట్లనే నడిపియ్యాలె. కొత్తది అడిగినవంటే కొత్త మనిషినే తెచ్చుకుంట. ఇంకోటి, అటెండర్లు ఎక్కువైన్రు. ఈ సెమిస్టర్ అయిపోయేలోపు ఒకల్ని తగ్గియ్యాలె. ఎవల్నో మీరే సూడుండ్రి."

సరిగ్గా ఆ మాటకే మా అటెండర్ టీ ట్రేతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అరవై ఏళ్లకు దగ్గర పడ్డ మనిషి. అందరం కాకా అనేవాళ్లం. ట్రేలో కప్పులు గలగలమన్నాయి కానీ చుక్క కూడా ఒలకలేదు. ఆయన భయం ఏమిటో నాకు తెలుసు. ఆయన కూతురి బిడ్డ మా కాలేజీలోనే బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతోంది. స్టాఫ్ ఇంటి పిల్లలకు ఫీజు మాఫీ. కాకా నౌకరీ పోతే మాఫీ పోతుంది, మాఫీ పోతే ఆ పిల్ల చదువు అక్కడితో ఆగుతుంది. అంతే లెక్క.

ఆ మధ్యాహ్నం ఆయన గోనెసంచి తడపడానికి వచ్చి, నీళ్లు చల్లుతూ అడిగాడు.

"సారూ, ఒక మాట అడుగుత, ఏమనుకోకుండ్రి. గిది రోజు పొద్దుగాల్నే ఎందుకు ఆగుతది? మాపటీలి మంచిగనే నడుస్తది కద?"

"పొద్దుగాల అందరు ఒక్కపారే వాడుతరు కాకా."

"అందరు ఒక్కపారే మళ్ళపుకుంటే కింది మడికి నీళ్ళెట్ల పారుతయి సారూ? మీ కంప్యూటర్లకు నీరటి లేడా?"

నేను నవ్వాను. అలా నవ్వినందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను.

కాకాది వేములఘాట్. ఆయన తండ్రీ తాతా, ఆ తర్వాత ఆయనా ఊరి చెరువుకు నీరట్లు. చెరువు తూము తీయడం, మూయడం, ఏ మడికి ఏ పూట ఎంతసేపు నీళ్లు పారాలో చూడటం నీరటి పని. ఊరు రిజర్వాయరు ముంపులో పోయాక ప్రజ్ఞాపూర్ దగ్గర కాలనీలో ఉంటూ రోజూ బస్సులో వచ్చేవాడు.

"నీళ్ళు పంచేటోని ఊరు నీళ్ళల్లనే పోయింది సారూ" అనేవాడు నవ్వుతూ. "ఇప్పుడు గంత పెద్ద సాగరమైంది గని దానికి నీరటి అక్కర లేదట. బటన్లు ఒత్తుతరట."

ఆ రోజు నేల మీద బాసింపట్లు వేసుకుని కూర్చుని, గచ్చు మీద సుద్దముక్కతో గీతలు గీసి చెప్పాడు. చెరువు సగమే నిండిన ఏడు ఏం చేస్తారు? ముందు ఊరంతా కూర్చుని ఎన్ని మడులు నాటాలో తేల్చుకుంటారు. ఆ తర్వాత వంతులు. తూము పక్కనున్న పొలానికి ఎప్పుడూ నీళ్లుంటాయి కాబట్టి చివరి మడికి ముందు వంతు. వంతు ఎవరిదో ఆ మడి గట్టు మీద వేపకొమ్మ పాతుతారు. కొమ్మ లేని చోట ఎవడైనా గండి కొడితే నీరటి పార తీసుకుని వెళ్లి పూడుస్తాడు.

"మీకాడ తూము దగ్గరి పొలం ఎవలది సారూ?" అని అడిగాడు చివరికి.

ఆలోచించాను. చైర్మన్ గారిది! కాలేజీలో మూలమూలకూ కెమెరాలు పెట్టించి, వాటి బొమ్మలన్నీ రోజంతా తన ఫోన్‌లో చూసుకుంటూ కూర్చునేవాడు. మా లైనులో సగం నీళ్లు ఆ మడికే పోతున్నాయి. హైదరాబాద్ నిపుణుడి రిపోర్టులో ఈ ముక్క ఎక్కడా లేదు. ఉండదు కూడా. ఆయన భోజనం చేసింది చైర్మన్ గారి గదిలోనే.

మర్నాటి నుంచి కాకా నీరటి అయ్యాడు. ముందు రెండు రోజులు టీ ఇస్తూ ప్రతి గదిలోనూ ఎవరికి ఏ పని, ఏ పూట, ఎంతసేపు అని అడిగి తెలుసుకున్నాడు. మూడో రోజు కాలేజీ గేటు పక్కనున్న వేపచెట్టు నుంచి ఒక కొమ్మ విరిచి, వెనక బ్లాకులో అందరికన్నా చివరనున్న లాబ్ తలుపు గొళ్లేనికి గుచ్చాడు. తొమ్మిదిన్నర నుంచి పదిన్నర దాకా వంతు వాళ్లది. తర్వాత కొమ్మ ఆఫీసుకు. మధ్యాహ్నం లైబ్రరీకి. మూడు దాటాక పరీక్షల విభాగానికి. కెమెరాల బొమ్మల నాణ్యత నేను రహస్యంగా తగ్గించాను. నెల రోజులు చైర్మన్ గారు ఆ సంగతే గమనించలేదు. "మొకాలు మసక మసక కనవడుతున్నయి" అని కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లి కొత్త అద్దాలు మాత్రం తెచ్చుకున్నాడు. ఆ ఖర్చుకు బడ్జెట్‌లో డబ్బులు దొరికాయి.

గొడవలు లేకపోలేదు. కామర్స్ హెడ్డు గారు వరండాలో నిలబడి అరిచాడు.

"నేను పీహెచ్‌డీ జేసిన. వేపకొమ్మ చెప్తే ఇనాల్నా?"

"ఇనకుంటే ఏం గాదు సారూ" అన్నాడు కాకా నెమ్మదిగా. "మీ మడి నిండది, పక్కోని మడి నిండది. గంతే."

అని నా గది గుమ్మం దగ్గరికి వచ్చి, "సారూ, ఆ గదికి జర మట్టిగడ్డ పెట్టుండ్రి" అన్నాడు. నేను కామర్స్ విభాగం కనెక్షన్ ఆపేశాను. పావుగంట తిరక్కుండానే పీహెచ్‌డీ గారు, "కాకా, మా వంతు ఎప్పుడొస్తది?" అని మర్యాదగా అడిగాడు. మా పిల్లలకైతే ఇదంతా పండగ. "అరేయ్, మనకు కొమ్మొచ్చింది, ఉరుకుండ్రి!" అని వరండాల్లో పరుగులు తీసేవారు.

రెండు వారాలకు సర్వర్ ఆగడం మానేసింది. ఒట్టు, ఒక్కసారి కూడా ఆగలేదు. కొత్త మెషీన్ లేదు, కొత్త లైను లేదు. ఇన్‌స్పెక్షన్ వాళ్లు వచ్చి, ఇంత చిన్న సర్వర్ మీద ఇంత పని ఎలా నడుస్తోందని ముక్కు మీద వేలేసుకున్నారు. చైర్మన్ గారు ఉబ్బిపోయి, ఎలా చేశావో ఒక పేజీ రిపోర్టు రాసివ్వమన్నాడు.

ఇక్కడే నేను గడ్డి తిన్నాను.

ఏం రాయాలి? ఎంసీఏ చదివిన నేను, అటెండరు చెప్పినట్టు చేశానని రాయాలా? తలుపులకు వేపకొమ్మ గుచ్చామని రాయాలా? ఇంగ్లీషులో గంభీరమైన మాటలు దొరికినన్ని దొరకబుచ్చుకున్నాను. సామర్థ్య నిర్వహణ, సమయాన్ని బట్టి భార విభజన, ఇంకా నాకే సరిగ్గా అర్థం కాని మరో రెండు మాటలు వేశాను. ఈ పని ఎవరు చేస్తారు అన్న గడి దగ్గరికి వచ్చేసరికి కలం ఆగింది. చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చుని, చివరికి 'ఆటోమేటిక్' అని రాశాను.

సాయంత్రం కాకా సంచి తడపడానికి వచ్చి, వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగాడు.

"సారూ, గా కాయితంల నా పని రాసిన్రా? అటెండర్ను తీసేస్తం అంటున్నరు గద. నాకు గిసొంటి పని గుడ ఉన్నదని పెద్దసారుకు ఎర్కైతే ఉంచుకుంటడేమోనని..."

"రాసిన కాకా" అన్నాను.

ఆయన రెండు చేతులూ జోడించాడు. ఆ చేతుల్ని ఆపాలని కూడా నాకు తోచలేదు.

చైర్మన్ గారు నా రిపోర్టుకు అద్దం కట్టించి ఆఫీసు ముందు గోడకు వేలాడదీశాడు. ఆ వారమే మీటింగు పెట్టాడు. కాగితంలోని ఆ ఒక్క మాట మీద వేలు పెట్టి, చుట్టూ కూర్చున్న వాళ్లందరినీ చూసి మురిసిపోయాడు.

"అంత ఆటోమేటిక్ అయినంక లాబ్ దిక్కు అటెండర్ ఎందుకు? ఆ ముసలాయన్ను తీసేయుండ్రి. ఏమంటవయ్యా?"

ఏమంటవయ్యా అని అడిగింది నన్నే. తల ఊపాను. ఊపానో, వణికిందో నాకే తెలియదు. చూసేవాళ్లకు మాత్రం ఊపినట్టే కనిపించింది.

మూడో రోజు కాకాకు చివరి జీతం ఇచ్చేశారు. నెలలోపు మొత్తం ఫీజు కట్టాలని మనుమరాలికి నోటీసు ఇచ్చారు. ఆ రోజు సాయంత్రం ఇద్దరూ నా గదికి వచ్చారు. పిల్ల బయటే నిలబడింది, నా వైపు చూడలేదు. కాకా లోపలికి వచ్చి, ఎండిన గోనెసంచిని చూసి, బకెట్ తెచ్చి చివరిసారి తడిపాడు.

"పోయొస్త సారూ."

"కాకా, నేను..."

"మీరేం జేస్తరు సారూ. మీకు చేతనైంది మీరు జేసిన్రు."

ఆ మాటకు తల కొట్టేసినట్టయింది. చెంప మీద కొట్టినా ఇంతకన్నా తేలిగ్గా ఉండేది.

ఆ తర్వాతి సోమవారం తొమ్మిదీ నలభైకి సర్వర్ ఆగిపోయింది. నేనే కొమ్మలు విరుచుకుని గదుల చుట్టూ తిరిగాను. ఎవరూ లెక్కచేయలేదు. "సారూ, మీరు మిషన్ సూసుకోండ్రి, మాకు పనున్నది" అన్నారు. ఎవరికి ఏ పూట ఎంత అవసరమో నాకు తెలియదు. కాకాకు తెలుసు. ఏ మేడం ఎప్పుడు టీ తాగుతుందో, ఆ పావుగంట కొమ్మను పక్క గదికి ఎలా జరపవచ్చో ఆయన తలలో ఉండేది, నా సర్వర్‌లో లేదు. మంగళవారం రెండుసార్లు ఆగింది. బుధవారం ప్రాక్టికల్ పరీక్ష మధ్యలో ఆగి, పిల్లలు కంప్యూటర్ల ముందు కళ్లప్పగించి కూర్చున్నారు. ఆ పిల్లల్లో కాకా మనుమరాలు కూడా ఉంది.

చైర్మన్ గారు పిలిపించాడు.

"ఏందయ్యా, నీ ఆటోమేటిక్ ఏమైంది?"

ఏసీ చల్లగా తగులుతోంది. అది మా సర్వర్ ఏసీయే. నాకు మాత్రం చెమటలు పట్టాయి. ఏదో ఒక ఇంగ్లీషు మాట చెప్పి బయటపడదామని నోరు తెరిచాను. తెరిచిన నోటిలోంచి నిజం వచ్చేసింది.

"ఆటోమేటిక్ ఏం లేదు సార్. ఆటోమేటిక్ అంటే కాకానే. మనం తీసేసింది ఆయన్నే."

మొత్తం చెప్పాను. చెరువు, వంతులు, కొమ్మ, మట్టిగడ్డ, సిగ్గుపడి నేను రాసిన అబద్ధం, అన్నీ. ఆయన కెమెరాల సంగతి కూడా చెప్పేశాను. ఆయన నన్ను చూశాడు, చేతిలోని ఫోన్‌లో మసక బొమ్మల వైపు చూశాడు. తర్వాత పడీ పడీ నవ్వాడు. నవ్వీ నవ్వీ కొత్త కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నాడు.

"మా బాపు చెరువు కింద గుడ గట్లనే ఉండె" అన్నాడు. "రేపే పిలిపియ్యి ఆయన్ను. పిల్ల ఫీజు మాఫీ గుడ మల్ల రాయి."

హమ్మయ్య అనుకున్నాను. లేవబోయాను.

"ఆగు. మరి ఆయన జీతం ఏడికెల్లి తేవాలె? బడ్జెట్ల తీసేసిన గద." వేలితో బల్ల మీద తాళం వేస్తూ కాసేపు ఆలోచించాడు. ఆయన ముఖం వెలిగింది. "మర్కూక్‌ల నా ఇస్కూలున్నది. ఆడ గుడ కంప్యూటరాయన కావాలంటున్నరు, నెలకు ఇంత అని పక్కకు పెట్టిన. ఇంక ఆడ వేరే మనిషెందుకు? నీకు గుడ వంతు పెడుత. వారంల మూడొద్దులు గీడ, మూడొద్దులు గాడ. జీతం గదే. ఆ మిగిలింది ముసలాయనకు."

"బస్సు కిరాయి సార్?"

"బడ్జెట్ల లేదు." మళ్లీ నవ్వాడు. "వంతు మంచి పద్ధతి తీసినవయ్యా."

అలా మా కాలేజీలో సామర్థ్యాన్ని పొదుపుగా వాడుకోవడం సర్వర్‌తో మొదలై నా దగ్గరికి వచ్చి ఆగింది. నాకు కోపం రాలేదని చెబితే అబద్ధం. మర్కూక్ బస్సులో నిలబడి ఆయన్ను నోరారా తిట్టుకున్నాను. కానీ తిట్టుకున్నంతసేపూ గుండె తేలిగ్గానే ఉంది.

కాకా కాలేజీకి తిరిగొచ్చిన రోజు నా వంతు అక్కడే. నేను వెళ్లేసరికి గోనెసంచి తడిసి ఉంది. సర్వర్ గది తలుపు గొళ్లేనికి పచ్చటి వేపకొమ్మ గుచ్చి ఉంది.

"ఇయ్యాల మీ వంతు గీడనే గద సారూ" అన్నాడు నవ్వుతూ.

నేను సంచిలోంచి కొత్త రిపోర్టు తీశాను. అదే రిపోర్టు, మళ్లీ రాసింది. పని చేసేవారు అన్న గడిలో ఆయన పూర్తి పేరు రాసి, కింద నీరటి అని రాశాను. ఆయనకు చదివి వినిపించాను. ఈ కాగితానికి మాత్రం ఎవరూ అద్దం కట్టించలేదు.

"కాకా, ఒక మాట చెప్పాలె. మొదటి కాయితంల నీ పేరు నేను..."

"ఎర్కే సారూ." సంచి మీద నీళ్లు చల్లుతూనే అన్నాడు. "మా పిల్ల గా అద్దం ముంగట నిలవడి మొత్తం సదివి చెప్పింది."

"ఎప్పుడు?"

"నౌకరి పోయిన్నాడు. ఆడికెల్లి సక్కగ మీకాడికే వస్తిమి గద."

అంటే ఆ సాయంత్రం, ఎండిన సంచి తడిపి, మీరేం జేస్తరు సారూ అన్నప్పటికే ఆయనకు అంతా తెలుసు. ఆ పిల్ల నా వైపు ఎందుకు చూడలేదో అప్పుడర్థమైంది.

"మరి నన్నొక్క మాట గుడ అనకపోతివి కాకా."

ఆయన చెంబు కింద పెట్టి, చేతులు తుడుచుకున్నాడు.

"ఏమంట సారూ. నా లెక్కనే మీకు గుడ నౌకరి పోతదని భయముండె" అన్నాడు. టైము చూసి, గొళ్లెం నుంచి కొమ్మ తీసుకుని వెనక బ్లాకు లాబ్ వైపు నడిచాడు. అప్పటికి తొమ్మిదిన్నర కావస్తోంది.